గంటల గీతల నీళ్ల సీసా: కడప–రాయచోటి రూటులో మూడు నెలలు

సీసాకు అయిదుకు మూడున్నర మార్కులు. దాని మీద అచ్చువేసిన గంటలకు సున్నా. తొందరలో ఉన్నవారు ఇంతటితో వెళ్లిపోవచ్చు. రోజంతా కదిలే బండిలో నిలబడి పనిచేసేవారు మాత్రం కాస్త ఓపిక పట్టండి, ఇది మీ కోసమే రాస్తున్నాను.

నేను బస్సు కండక్టరును. పంతొమ్మిదేళ్లుగా భుజాన క్యాష్ బ్యాగే. ఇప్పుడు కడప–రాయచోటి రూటు, రోజుకు రెండుసార్లు పోయి రావాలి. మధ్యలో గువ్వలచెరువు ఘాటు. ఆ పేరు వింటే అందరికీ పాలకోవా గుర్తొస్తుంది. నాకు గుర్తొచ్చేది నిండిన మూత్రాశయం. ఈ మాట రాయడానికి సిగ్గుపడే కాలం దాటిపోయాను. సిగ్గుపడి నీళ్లు తాగనందుకే కిడ్నీలో రాయి వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక తెల్లవారుజామున ఎడమ డొక్కలో నొప్పి లేచి గజ్జల్లోకి పాకింది. ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, నొప్పి నాకు కొత్త కాదు. అయినా నేల మీద పొర్లాను. స్కానింగులో 5 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. దానంతట అదే పడిపోవచ్చన్నారు, పదకొండో రోజున పడిపోయింది. ఆ తర్వాత డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్నకే తెల్లమొహం వేశాను. "రోజుకు ఎన్ని నీళ్లు తాగుతారమ్మా?" రూపాయి తేడా లేకుండా వేబిల్లు అప్పజెప్పే మనిషిని, నా ఒంటి లెక్క నాకే తెలియదు. తెలియకేం, తెలుసు, చెప్పడానికి నోరు రాలేదు. బండి ఎక్కేముందు రెండు గుటకలు, దిగాక రెండు గుటకలు. మధ్యలో తాగితే ఎక్కడికి వెళ్లాలి? మగ కండక్టర్లకు ఏ చెట్టు చాటైనా చాలు. మాకు బస్టాండు రావాలి. వచ్చినా దాని మరుగుదొడ్డి లోపలికి అడుగు పెట్టేలా ఉండాలి.

"ఎన్ని తాగారన్నది పక్కన పెట్టండి. ఎంత బయటికి వచ్చిందో చూసుకోండి. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. అందుకు ఎంత తాగాలో మీ ఎండను బట్టి, మీ చెమటను బట్టి మీరే తేల్చుకోవాలి" అన్నారాయన. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఈ లెక్క పనికిరాదని, వారికి నీళ్ల మీద హద్దులు ఉంటాయని కూడా చెప్పారు. పాకం ముదిరితే పంచదార పలుకు కట్టినట్టు, మూత్రం చిక్కబడితే అందులోని కాల్షియం, ఆక్సలేటు కలిసి పలుకు కడతాయట. పల్చగా ఉంటే కట్టడానికి వీలు దొరకదు. మర్నాడు డ్యూటీ రోజే పాత ప్లాస్టిక్ జగ్గుతో కొలిచాను. బస్టాండులో ఒకసారి వెళ్లిన దానిని అంచనా వేసుకుని కలిపినా మొత్తం 650 మిల్లీలీటర్లు దాటలేదు. రంగు టీ డికాషను.

ఇది విని అనంతపురంలో చదువుకుంటున్న మా అబ్బాయి ఈ సీసా తెప్పించాడు. 449 రూపాయలు. రెండు లీటర్లు పడుతుంది, పల్చని నీలం రంగు, మూతలోనే పీల్చుకునే గొట్టం, మోయడానికి పట్టీ. ఒక పక్కన ఉబ్బెత్తుగా మిల్లీలీటర్ల గీతలు. రెండో పక్కన రంగు అక్షరాలతో గంటలు: ఉదయం ఏడు, తొమ్మిది, పదకొండు, అలా రాత్రి తొమ్మిది దాకా. ప్రతి గంట పక్కన ఇంగ్లీషులో ఒక పొగడ్త. శభాష్, ఆగవద్దు, ఇంకాస్తే, అలా. సాయంత్రం అయిదు దగ్గర "దాదాపు చేరుకున్నారు" అనే అర్థం వచ్చే మాట ఉంది. సాయంత్రం అయిదుకు నేను చేరేది రాయచోటి బస్టాండుకు.

ముందు వస్తువు సంగతి. పార్సిల్ కౌంటరులో డిజిటల్ తూకం యంత్రం ఉంది. ఖాళీ సీసా 240 గ్రాములు తూగింది. 2000 గీత దాకా నింపితే 2 కిలోల 190 గ్రాములు. అంటే నీళ్లు 1950 గ్రాములు, గీత 50 మిల్లీలీటర్లు అబద్ధం చెబుతోంది. ఈ మాత్రం పరవాలేదు. ఒకసారి మెట్ల మీద నుంచి కింద పడింది, పగల్లేదు. నోరు వెడల్పుగా ఉండటంతో చెయ్యి లోపలికి పోతుంది, పీచుతో తోముకోవచ్చు. పట్టీ మాత్రం దండగ. క్యాష్ బ్యాగు, టికెట్ మిషను ఉన్న భుజానికి ఇంకో రెండు కిలోలు తగిలిస్తే మెడ పట్టేస్తుంది. కిటికీ ఊచకు కట్టేశాను. గొట్టం మూత మూడో వారం నుంచి కారడం మొదలుపెట్టింది. ముందు సీట్లో కూర్చున్న ఒక పెద్దాయన పంచె తడిసింది. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. ఆ గొట్టంలో పాకుడు కూడా పడుతుంది, సన్నటి బ్రష్షు ఉంటే తప్ప పోదు. ఇందుకే ఒక మార్కు కోత.

ఇక గంటల సంగతి. మొదటి వారం బుద్ధిగా పాటించాను. ఎవరి మీద నమ్మకంతో గీశారో తెలియదు గాని, ఆ గీతలకు ఎండ తెలియదు, చలి తెలియదు, మనిషి నిలబడ్డాడో ఫ్యాను కింద కూర్చున్నాడో తెలియదు. రోజుకు ఎనిమిది గ్లాసులు, రెండు లీటర్లు అన్న మాట ఎక్కడిదని మా అబ్బాయిని అడిగితే వెతికి చెప్పాడు. 1945లో అమెరికా ఆహార, పోషణ మండలి పెద్దవారికి రోజుకు రెండున్నర లీటర్ల నీరు సరిపోతుందని రాసింది. ఆ వెంటనే, అందులో చాలా భాగం వండిన ఆహారంలోనే ఉంటుందని కూడా రాసింది. లోకం మొదటి వాక్యాన్ని పట్టుకుని రెండో వాక్యాన్ని వదిలేసింది. ఉడికిన అన్నంలో ఇంచుమించు మూడింట రెండు వంతులు నీరే. పుచ్చకాయలో నూటికి 92 పాళ్లు. పప్పు, చారు, మజ్జిగ, టీ అన్నీ లెక్కలోకి వస్తాయి. టీ తాగితే ఒంట్లో నీరు పోతుందని మా డిపోలో అందరూ అంటారు, నేనూ అనేదాన్ని. రోజుకు రెండు మూడు కప్పులు తాగేవారికి అది నీటి కిందే జమ.

ఈ రాతను నమ్మలేక నా లెక్క నేనే వేసుకున్నాను. మే నెలలో ఒక గురువారం. ఉదయం అయిదున్నరకు, మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక, చెప్పులు విప్పి పార్సిల్ యంత్రం ఎక్కాను. 61.4 కిలోలు. కౌంటరు అబ్బాయి "అక్కా, ఏ ఊరికి పంపమంటారు?" అని నవ్వాడు. డ్యూటీ దిగాక మళ్లీ ఎక్కాను, చెమటతో తడిసిన ఖాకీ చొక్కా మార్చుకుని. 60.2. మధ్యలో తాగినవి లీటరుం ముప్పావు, పెరుగన్నం డబ్బా 400 గ్రాములు. అంటే 1.2కు 2.15 కలపాలి, 3.35. అందులో మూత్రం మూడు వందలు పోతే, దాదాపు మూడు లీటర్లు చెమట రూపంలోనూ ఊపిరితోనూ గాలిలో కలిసిపోయాయి. ఒక్క డ్యూటీలో! నాకు చెమట పట్టినట్టే అనిపించలేదు. మన పొడి ఎండలో జరిగే మోసం ఇదే. చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. చొక్కా వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. వాటిని నేను ఇన్నేళ్లూ సబ్బు సరిగా పోలేదనుకుని ఉతికాను.

కిలో రెండు వందల గ్రాములు నా బరువులో దాదాపు రెండు శాతం. ఒంట్లో నీరు రెండు శాతం తగ్గితే పని తడబడుతుందని, ధ్యాస చెదురుతుందని అంటారు. సాయంత్రం ట్రిప్పులో చిల్లర తప్పు లెక్కపెట్టి ఎన్నిసార్లు నా చేతి డబ్బు కట్టానో ఇప్పుడు తలచుకుంటే వేరే అనుమానాలు వస్తున్నాయి.

మరి దాహం ఏం చేస్తున్నట్టు? అది తన పని తాను చేస్తూనే ఉంది. రక్తం ఒకటి రెండు శాతం చిక్కబడితే చాలు, మెదడులోని హైపోథాలమస్ కనిపెడుతుంది. వాసోప్రెస్సిన్ అనే హార్మోను విడుదలవుతుంది. దాంతో కిడ్నీలు బయటికి పోవలసిన నీటిని వెనక్కి లాక్కుంటాయి, మూత్రం తగ్గి చిక్కబడుతుంది. దాహం దాని వెంటే వస్తుంది. మా చెకింగ్ వాళ్లకు కూడా ఇంత చురుకు లేదు. చిక్కెక్కడంటే, రెండు గుటకలు గొంతు దిగగానే, ఆ నీరు రక్తంలో కలవకముందే, దాహం అణిగిపోతుంది. నీళ్లు వస్తున్నాయని నోరు, గొంతు ముందే కబురు పంపేస్తాయి. నాలాగా రెండు గుటకలకే సీసా మూసేసేవాళ్లకు అసలు లోటు అలాగే ఉండిపోతుంది. వయసు మళ్లిన వారిలో దాహమే మందగిస్తుంది. మా అత్తగారికి ఎనభై దాటాయి, నీళ్లు కావాలని ఆమె నోటి వెంట ఎప్పుడూ విన్నది లేదు. ఆమెకు మాత్రం ఇలాంటి గీతల సీసా మంచిదే, గంటకింతని ఇచ్చేవాళ్లు పక్కన ఉంటే.

గీతలు చేసిన ఇంకో పని చెప్పాలి. మొదటి వారంలోనే ఒక రోజు, బస్సులో కాలు పెట్టే చోటు లేక పగలంతా సీసా ముట్టుకోలేదు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంటికి వచ్చి చూస్తే గంటల ప్రకారం లీటరున్నరకు పైగా బాకీ. బాకీ ఉంచడం నా ఒంటికి పడదు. గబగబా తాగేశాను. పొట్ట ఉబ్బింది, నాలుగుసార్లు లేచాను, పొద్దున నాలుగున్నరకే డ్యూటీకి తయారవ్వాలి. నిద్ర తప్ప ఇంకేమీ పోలేదు. కానీ ఇది అలవాటుగా చేయకూడని పని. కిడ్నీలు ఎంత కష్టపడినా గంటకు లీటరుకు మించి బయటికి తోయలేవు. అంతకంటే వేగంగా గంటల తరబడి తాగుతూ పోతే రక్తంలో సోడియం పల్చబడుతుంది. లీటరుకు 135 మిల్లీమోల్స్ కంటే కిందికి పడితే తలనొప్పి, వాంతులు, బాగా పడిపోతే మూర్ఛ కూడా రావచ్చు. 2002లో బోస్టన్ మారథాన్ పరుగు ముగించిన 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందికి సోడియం తక్కువగా ఉందట. ఎవరికి అలా జరిగిందో ఆరా తీస్తే, ముఖ్యంగా పరుగు మొదట్లో కంటే చివర్లో బరువు పెరిగినవారికి. అంత దూరం పరిగెత్తి బరువు పెరగడమంటే చెమటకు మించి నీళ్లు పోసుకున్నట్టే కదా. అది చదివాక పార్సిల్ యంత్రం మీద నాకు గౌరవం పెరిగింది. పొద్దుటి బరువుకు సాయంత్రం బరువు అర కిలో లోపు తక్కువగా ఉంటే చాలు, సరిసమానం చేయాలని పట్టుబట్టనక్కర్లేదు, పొద్దుటి బరువును మించి ఎప్పుడూ తూగకూడదు. ఇది నేను పెట్టుకున్న నియమం.

ఉప్పు సంగతి కొంచెం మెలిక. లీటరు చెమటతో సుమారు రెండు గ్రాముల ఉప్పు పోతుంది, మనిషిని బట్టి అటూ ఇటూ. అంత పోతోంది కదా అని బస్టాండులో రంగు డబ్బాల పానీయాలు కొని తాగేవాళ్లను రోజూ చూస్తున్నాను. విరేచనాలప్పుడు పోయిన నీరు, ఉప్పు తిరిగి అందించే అసలు ఓఆర్‌ఎస్ అంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క: లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9. గ్లూకోజు అందులో తీపి కోసం లేదు. పేగులో సోడియాన్ని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేది అదే, వాటి వెంట నీరు పోతుంది. అంతకు చాలా రెట్లు చక్కెర పోసి, పేరులో ఆ అక్షరాలు పెట్టుకుని అమ్మిన పానీయాల మీద హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఆ లెక్కకు సరిపోని వాటికి ఆ పేరు వాడకూడదని తేల్చింది. విరేచనాలు పట్టుకున్నప్పుడు మందుల షాపులో దొరికే అసలు ప్యాకెట్టు కొనండి, లీటరు అని రాసి ఉంటే లీటరులోనే కలపండి. మామూలు డ్యూటీ రోజుకు నాకు అదీ అక్కర్లేదు. ఊరగాయ, పప్పు, సాంబారు తినే ఇంట్లో ఉప్పుకు కరువా? పైగా రాయి పడినవాళ్లు ఉప్పు పెంచితే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ దిగుతుంది. అందుకని పల్చని మజ్జిగ, చిటికెడు ఉప్పు, సగం నిమ్మకాయ. నిమ్మలోని సిట్రేటు రాయి కట్టకుండా అడ్డుపడుతుంది. రాయి వచ్చింది కదా, పెరుగు మానేయమని పక్కింటావిడ చెప్పింది. మానవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. తిండిలోని కాల్షియం పేగులోనే ఆక్సలేటును పట్టేసుకుంటుందట.

సీసాలో నీళ్లు పదకొండు గంటలకే కాగినట్టు అవుతాయి. ఇది ప్లాస్టిక్కు తప్పు, మే నెల తప్పు కూడా. పాత నూలు చీర ముక్కను తడిపి సీసాకు రెండు చుట్లు చుట్టి, కిటికీ ఊచకు కట్టాను. బండి వేగం అందుకుంటే గాలికి గుడ్డ ఆరుతుంది, ఆరుతూ సీసాలోని వేడిని లాక్కుపోతుంది. కుండ చల్లబరిచేదీ, చెమట మనల్ని చల్లబరిచేదీ ఇలాగే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలో క్యాలరీల వేడి దాంతో పోతుంది. కారి కింద పడిన చెమటతో ఏమీ పోదు. మే నెలాఖరులో రెండు రోజులు వాన పడి గాలి చెమ్మగిల్లినప్పుడు గుడ్డ సాయంత్రం దాకా తడిగానే ఉంది, నీళ్లూ వెచ్చగానే ఉన్నాయి. నేనూ అంతే, చెమట కారుతూనే ఉంది, ఉక్క తగ్గలేదు.

ఏప్రిల్ మొదటి వారానికల్లా పీచు రాపిడికి గంటలన్నీ ఊడిపోయాయి. ముందు ఏడు పోయింది, చివరికి తొమ్మిది. దీనికి మార్కులు తీసేయాలో కలపాలో తెలియక వదిలేశాను. ఆ ఖాళీ స్థలంలో మా అమ్మాయి గోళ్ల రంగుతో నా గీతలు నేను వేసుకున్నాను. గంటలు కావు, స్టేజీలు.

ఇది ఒక్క రోజులో తేలలేదు. మొదట కడపలో బండి కదిలేముందు అర లీటరుకు పైగా ఒక్కసారిగా తాగి చూశాను. సరిగ్గా ఘాటు మలుపుల్లో, లారీ ముందు లారీ నిలిచిపోయిన చోట, ప్రాణం మీదికి వచ్చింది. ఖాళీ కడుపున ఒక్కసారిగా తాగిన నీరు గంట తిరక్కుండానే మూత్రాశయానికి చేరుతుంది. అదే నీటిని గుటకలుగా తాగితే ఒంట్లో ఎక్కువ సేపు నిలుస్తుంది, బయటికి తక్కువగా, మెల్లగా వస్తుంది. మా డ్రైవరన్నకు సంగతి చెప్పకుండా "అన్నా, ఘాటు దాటాక బస్టాండుకు ఎంతసేపు?" అని రోజూ అడిగి రాసుకున్నాను. రెండు వైపులా నలభై, నలభై అయిదు నిమిషాలు. ఇంకేం! ఘాటు దాటేవరకు స్టేజీకి ఒక గుటక. దాటాక 300 మిల్లీలీటర్లు ఒకేసారి. బండి బస్టాండులో ఆగేసరికి కబురు వస్తుంది, ఆగిన వెంటనే వెళ్లవచ్చు. రెండు బస్టాండుల్లో ఒకదాని మరుగుదొడ్డే బాగుంటుంది. ఏదో చెప్పను, చెబితే రెండోవారికి కోపం. ఆ బాగున్న వైపు వెళ్లేటప్పుడు 400.

ఇలా వేసవిలో సీసా దాదాపు రెండోసారి కూడా ఖాళీ అవుతోంది, ఇంటి దగ్గర తాగేది వేరే. వారాంతపు సెలవు రోజున జగ్గుతో కొలిస్తే రెండు లీటర్ల రెండు వందలు. డ్యూటీ రోజున లీటరున్నర దాటడం లేదు, డాక్టరుగారు చెప్పినదానికి ఇంకా లీటరు తక్కువే. రంగు మాత్రం డికాషను నుంచి నిమ్మరసం నీళ్లకు వచ్చింది. (బి విటమిన్ మాత్రలు వేసుకున్న రోజు పసుపు పచ్చగా మెరుస్తుంది, దాన్ని చూసి కంగారుపడనక్కర్లేదు.)

కొనాలా? గొట్టం మూత లేకుండా మామూలు మర మూత ఉన్నది దొరికితే అదే కొనండి, గంటలు లేనిది ఇంకా చవక. ఉబ్బెత్తు గీతలు మాత్రం తప్పకుండా ఉండాలి. ఆఫీసులో కూర్చునేవారికి రెండు లీటర్లు మోత, లీటరుది చాలు.

మా డిపోలో ప్రొద్దుటూరు రూటులో తిరిగే చెల్లెలు ఒకామె నా సీసా చూసి తనకూ ఒకటి తెప్పించుకుంది. నిన్న గోళ్ల రంగు సీసా పట్టుకుని వచ్చి "అక్కా, నాకూ గీతలు వేసి పెట్టండి" అంది. ఆమె రూటులో ఘాటు లేదు, నా గీతలు ఆమెకు పనికిరావు. ముందు నాలుగు రోజులు ఎక్కడ వెళ్లడానికి వీలుందో, అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో రాసుకుని రమ్మన్నాను. పార్సిల్ యంత్రం కూడా ఎక్కమన్నాను. దానికి మాత్రం ఒప్పుకోవడం లేదు, కౌంటరు అబ్బాయి నవ్వుతాడట.